కన్ను మూయని నిద్ర

కొంచెం ఇటు జరిగి కూర్చోండి. గాలి తిరిగింది, పొగంతా మీ మొహానికే కొడుతున్నది. తుమ్మ మొద్దు ఇంకా పచ్చిగానే ఉంది, ఏం చేస్తాం, ఉన్నదాంతోనే మంట. చూశారా, పొగ తగిలిందో లేదో కళ్లు టక్కున మూసుకున్నారు. మీరు అనుకుని చేసిన పని కాదది, రెప్పలు వాటి పని అవి చేసుకుపోయాయి. ఆ రెప్పల సంగతే ఈ రాత్రి మాట్లాడుకుందామని ఉంది నాకు. మనకున్న రెప్పలు కాదు, మన పోచంపల్లి చెరువులో చేపలకు లేని రెప్పలు.

ఈ ఊళ్లో కూర్చుంటే మాట సాధారణంగా భూమి మీదికో, మగ్గం మీదికో పోతుంది. పోక ఏం చేస్తుంది? 1951 ఏప్రిల్ 18న వినోబా అడిగితే వెదిరె రామచంద్రారెడ్డి లేచి వంద ఎకరాలు ఇస్తానన్న ఊరు ఇది. భూదానం అన్న మాటే ఊరి పేరు ముందు చేరిపోయింది. ఇక చీరల సంగతి మీకు నేను చెప్పేదేముంది. అయితే ఈ భూమికీ మగ్గానికీ పక్కనే ఒక చెరువుందనీ, అందులో మనకంటే ఎక్కువ జనాభా ఉందనీ, వాళ్లు రాత్రి పూట ఏం చేస్తారో ఎవరూ అడగరనీ నాకొక చిన్న ఫిర్యాదు.

చేప కొనేటప్పుడు మనం ఏమేం చూస్తామో గుర్తు చేసుకోండి. మొప్ప ఎత్తి ఎర్రగా ఉందా అని చూస్తాం. వేలితో నొక్కి గుంట పడుతుందా, పడ్డది మళ్లీ లేస్తుందా అని చూస్తాం. తర్వాత కన్ను. ఉబ్బి మిలమిలలాడితే ఇవాళ పట్టింది, మసకబారి లోపలికి గుంజుకుపోతే మొన్నటిది. ఇన్ని చూస్తాం గానీ ఆ కన్ను మూసుందా తెరిచుందా అని ఎవరమూ చూడం. చూడనక్కర్లేదు. చెరువులో ఈదినన్నాళ్లూ అదే చూపు, వలలో పడ్డప్పుడూ అదే చూపు, తలకాయ పులుసులో ఉడికి గుడ్డు తెల్లబడ్డా దానికి మూత పడదు.

రెప్పలు ఎందుకు లేవంటే, వాటితో పని పడలేదు కాబట్టి. మన కన్ను గాలిలో ఉంది, ఊరికే ఆరిపోతుంది, దుమ్ము పడుతుంది. నిమిషానికి పదిపదిహేను సార్లు రెప్ప కొట్టి తడి చేసుకోకపోతే మంటెత్తుతుంది. చేప కన్నుకు చుట్టూ నీళ్లే. తడిపేదీ కడిగేదీ ఆ నీళ్లే. కొన్ని సొరచేపలకు మాత్రం రెప్పలాంటి పొర ఒకటి ఉంటుంది. అది ఎరను కరిచేటప్పుడు కన్నుకు దెబ్బ తగలకుండా అడ్డం వేసుకునేది, పడుకోవడానికి కాదు.

మరి రెప్ప పడనిదే నిద్ర ఎట్లా? ఈ ప్రశ్నతోనే లోకం చాలా దూరం పోయింది. కన్ను మూయదు కాబట్టి చేప నిద్రే పోదని అనుకున్నారు. చైనాలో బౌద్ధ విహారాల్లో మంత్రం చదివేటప్పుడు కట్టెతో చేసిన చేపను టకటకమని కొడతారు. రాత్రింబవళ్లు కన్ను మూయని చేపలాగా భిక్షువు కూడా ఏమరకుండా ఉండాలని అందులో బోధ. మన దిక్కున చూస్తే, చేప గుడ్లను పొదగదు, చూపుతోనే పిల్లల్ని సాకుతుందని పాత నమ్మకం ఒకటి ఉంది. మీనాక్షి అమ్మవారు భక్తుల్ని అట్లా రెప్ప వాల్చకుండా చూస్తుందని చెప్పుకుంటారు. వినడానికి ఎంత బాగుందో చూడండి. కవులకూ సన్యాసులకూ ఇంతకంటే మంచి చేప దొరకదు.

వల వేసేవాణ్ని అడిగితే వేరే చేప కనిపిస్తుంది. చెరువు కట్ట మీద వల ఆరబెట్టుకుంటున్న ముదిరాజు పెద్దాయన ఒకాయన్ని అడిగాను, "చేపలు పండుకుంటయా కాకా?" అని. ఆయన నా దిక్కు జాలిగా చూశాడు. "పండుకోవని ఎవడన్నడు బిడ్డా? ఎండకాలం నీళ్లు గుంజినంక రాత్రి పూట బ్యాటరీ లైటు ఏసి చూడు. ఒడ్డు పొంటి మొద్దులెక్క పడి ఉంటది. మెల్లగ చెయ్యి వెట్టినా తెల్వది దానికి. జర నీళ్లు అలికిడైనయో, ఉరికినదే ఉరుకుడు."

ఈ మాట నాకు బాగా నచ్చింది. ఎందుకంటే రెండు వేల మూడు వందల ఏళ్ల కింద గ్రీకు దేశంలో అరిస్టాటిల్ రాసింది కూడా దాదాపు ఇదే. చేపలు కదలకుండా, తోక మాత్రం కొద్దికొద్దిగా ఆడిస్తూ ఉండిపోతాయనీ, ఆ సమయంలో చేత్తో పట్టుకోవచ్చనీ, కాబట్టి అవి నిద్రపోతున్నట్టే లెక్క అనీ ఆయన తేల్చాడు. ఆయనకు కూడా ఎవరో వల వేసే కాకానే చెప్పి ఉంటాడని నా అనుమానం. తత్వవేత్తలు రాత్రి పూట నీళ్లలో చెయ్యి పెట్టి చూసే రకం కాదు.

మొద్దులాగా పడి ఉండడం ఒక్కటే నిద్ర కాదు కదా అని మీరు అడగొచ్చు. బాగా అడిగారు. నేను కూడా మధ్యాహ్నం మంచం మీద మొద్దులాగే పడి ఉంటాను, అది నిద్ర కాదని ఇంట్లో వాళ్లకు తెలుసు, అందుకే పనులు చెబుతారు. ఊరికే కదలకుండా ఉండడానికీ నిద్రకూ తేడా పట్టడానికి శాస్త్రవేత్తలు కొన్ని గుర్తులు పెట్టుకున్నారు. కదలిక ఆగాలి. ఆ జాతికి అలవాటైన చోట, అలవాటైన తీరున ఉండాలి. పిలిస్తే వెంటనే పలక్కూడదు, గట్టిగా కదిలిస్తే మాత్రం లేవాలి. లేవకపోతే అది వేరే సంగతి. వీటన్నిటికంటే అసలైన గుర్తు ఇంకొకటి ఉంది. నిద్ర చెడగొడితే ఆ బాకీ తర్వాత తీర్చుకోవాలి.

ఆ బాకీ సంగతి మన ఊరికి ఎవరూ చెప్పనక్కర్లేదు. పెళ్లిళ్ల కాలంలో షావుకారు చీర రేపటికే కావాలంటాడు. గుంట మగ్గంలో కాళ్లు పెట్టి కూర్చున్నాయన రెండు రాత్రులు లైటు కింద పడుగు పేకల మధ్యే గడిపేస్తాడు. మూడో రోజు చీర మడత పెట్టి ఇచ్చేసి పడుకున్నాడంటే, పక్కింట్లో డప్పు కొట్టినా లేవడు. పోయిన గంటలన్నీ శరీరం లెక్కపెట్టుకుని వసూలు చేసుకుంటుంది. చేప కూడా అట్లా వసూలు చేసుకుంటే అది నిద్రే, ఊరికే విశ్రాంతి కాదు. మరి చేప రాత్రి పూట మేలుకొని ఉండేటట్టు ఎవరు చేస్తారు?

స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం వాళ్లు చేశారు, 2007లో. వాళ్లకు దొరికిన చేప మనదే. జీబ్రా చేప అంటారు, చిటికెన వేలంత కూడా ఉండదు, ఒంటి మీద పొడుగూతా నీలి చారలు. మన దేశపు వాగుల్లో, వరి మడుల్లో తిరిగేది. 1822లో హామిల్టన్ అనే దొర గంగా నది చేపల మీద రాసిన పుస్తకంలో దీనికి శాస్త్రీయ నామం పెట్టాడు. అప్పట్లో దానివల్ల ఎవరికీ లాభం లేదు, కూరకు కూడా చాలదు. ఇప్పుడు ప్రపంచమంతా ప్రయోగశాలల్లో దాన్నే సాకుతున్నారు. మనకు దగ్గర్లో హైదరాబాద్‌లోని సీసీఎంబీలో కూడా ఉన్నాయి. పిల్లలుగా ఉన్నప్పుడు వాటి ఒళ్లు గాజులాగా పారదర్శకం, లోపల గుండె కొట్టుకునేది, మెదడు పని చేసేది బయటికే కనబడుతుంది. అదీ వాటి గిరాకీకి కారణం.

ముందు వాళ్లు ఈ చేప ఎంతసేపు కదలకుండా ఉంటే నిద్ర కింద లెక్క కట్టాలో చూశారు. పెద్ద చేపకు ఆరు సెకన్లు. నవ్వకండి. ఆరు సెకన్లు దాటి ఊరుకుందంటే దాన్ని కదిలించడానికి ముందుకంటే గట్టిగా తట్టాల్సి వస్తున్నది, అదే ఆధారం. అట్లా చిన్న చిన్న కునుకులు కలుపుకుంటూ రాత్రంతా పడుకుంటుంది. తర్వాత, కునుకు పట్టినప్పుడల్లా నీళ్లలోకి సన్నగా కరెంటు వదిలి లేపారు. పాపం అనిపిస్తుంది గానీ సంగతి అట్లాగే తేలాలి. మరునాడు చీకట్లో వదిలేస్తే అవి మామూలు కంటే ఎక్కువ పడుకున్నాయి, బాకీ వసూలైంది. అయితే ఒక విచిత్రం కూడా బయటపడింది. రాత్రింబవళ్లు లైటు వేసి ఉంచితే ఈ చేపకు నిద్ర దాదాపు పట్టదు, ఆ తర్వాత బాకీ కూడా తీర్చుకోదు. చీకటి ఉంటేనే దానికి నిద్ర, వెలుతురుంటే నిద్ర అవసరమే గుర్తు రానట్టు ఉంటుంది. ఈ మాట మనసులో పెట్టుకోండి, మళ్లీ పని పడుతుంది.

అదే స్టాన్‌ఫర్డ్ వాళ్లు 2019లో ఇంకో మెట్టు ఎక్కారు. రెండు వారాల వయసున్న జీబ్రా చేపపిల్లల్ని తీసుకుని, మెదడులో కణాలు పని చేసినప్పుడు మెరిసేటట్టు ఏర్పాటు చేసి, నిద్రపోతుంటే సూక్ష్మదర్శిని కింద చూశారు. మనకు గాఢనిద్ర, కలల నిద్ర అని రెండు రకాలుంటాయి కదా, ఆ రెండింటినీ పోలిన రెండు స్థితులు ఆ పిల్లల్లోనూ కనిపించాయి. రెండో దాంట్లో మెదడు గుండా మెరుపు ఒక అలలాగా సాగిపోయింది, ఒంట్లో కండరాలు పట్టు వదిలాయి, గుండె నెమ్మదించింది. కలల నిద్రలో మన కనుగుడ్లు మూసిన రెప్పల కింద అటూ ఇటూ తిరుగుతాయే, అది మాత్రం లేదు. మనకూ చేపకూ పూర్వీకులు ఒకటిగా ఉన్నది 45 కోట్ల ఏళ్ల కింద. అంటే మనం రోజూ రాత్రి చేసే పని అప్పటిది. రెప్పలు ఆ తర్వాత ఎప్పుడో వచ్చి చేరినవి. నిద్ర లెక్కలోకి వాటిని తీసుకోవడమే మనం చేసిన పొరపాటు.

కట్టె ఇంకొకటి అందులో వెయ్యండి, చల్లారుతున్నది. ప్రయోగశాల చాలు, మన చెరువుకు పోదాం.

చెరువులో ముందు తిలాపియా. 1952లో మన దేశానికి తెచ్చారు, అప్పటి నుంచి పిలవని చోటికల్లా వచ్చి కాపురం పెట్టింది. మన మత్స్యకారులకు దాని మీద మంచి మాట లేదు, సొసైటీ వాళ్లు వదిలిన రవ్వ, బొచ్చె పిల్లల మేత ఇదే తినేస్తుందని. అయితే చేపల నిద్ర చరిత్రలో దానికొక గౌరవ స్థానం ఉంది. 1976లోనే దాని మీద పరిశోధన అచ్చైంది. చీకటి పడ్డాక అడుగుకు దిగి పడుకుంటుందనీ, మొప్పలు ఆడడం నెమ్మదిస్తుందనీ, కనుగుడ్డు కదలదనీ చూశారు. అన్నిటికంటే గమ్మత్తు, ముందర మేత వేసినా పట్టించుకోదట. పగలు మేత కోసం అంత ఎగబడే జీవి మూతి ముందర పడ్డ మెతుకును చూడలేదంటే, దాన్ని నిద్ర అనక ఏమంటాం?

అందరూ రాత్రే పడుకుంటారనుకోకండి. వాలుగలు, జెల్లలు, మార్పులు పొద్దుగూకినాక బయలుదేరే జాతి. మూతి చుట్టూ మీసాలతో తడుముకుంటూ వేటాడతాయి, చూపుతో పెద్ద పని లేదు. పగలు బొరియల్లోనో, చెట్ల వేర్ల కిందో, తూడు నీడలోనో పడి ఉంటాయి. గాలం వేసేవాళ్లు జెల్ల కోసం మసక వెలుతురు దాకా ఆగేది అందుకే.

ఇక అసలు మనిషి, క్షమించాలి, అసలు చేప, కొర్రమీను. 2016లో తెలంగాణ రాష్ట్ర చేపగా ప్రకటించారు, ప్రకటించకపోయినా పెళ్లి భోజనాల్లో దాని హోదా ఎప్పటి నుంచో ఉన్నదే. మృగశిర కార్తెనాడు నాంపల్లి ఎగ్జిబిషన్ మైదానంలో బత్తిన వాళ్లు ఉబ్బసానికి ఇచ్చే మందు పెట్టి మింగించేది కూడా దీని పిల్లనే. మార్కెట్లో టబ్బులో అరచెయ్యి లోతు నీళ్లు పోసి అమ్ముతుంటారు, ఎప్పుడైనా రెండు నిమిషాలు నిలబడి చూడండి. నల్లటి వీపులు ఒకదాని మీద ఒకటి, ఏదీ కదలదు. అంతలో ఒకటి మెల్లగా మూతి నీళ్ల పైకి పెట్టి, గుటుక్కున గాలి మింగి, రెండు బుడగలు వదిలి మళ్లీ కిందికి పోతుంది. కొద్దిసేపటికి ఇంకోటి. దాని తలలో మొప్పల పైన గాలి దాచుకునే గది ఒకటి ఉంది, ఎదిగిన కొర్రమీనుకు మొప్పలొక్కటే చాలవు. పైకి రానీకుండా వల అడ్డం కట్టి ఉంచితే, వినడానికి వింతగా ఉంటుంది గానీ, చేప అయ్యుండి నీళ్లలో ఊపిరాడక చస్తుంది. ఎండకాలం చెరువు ఎండితే బురదలో దిగి తడి ఉన్నంత కాలం గాలి పీల్చుకుంటూ బతికేదీ ఆ గది పుణ్యానే.

ఇప్పుడు ఆలోచించండి. గాలి కోసం పైకి రావాల్సిన జీవికి మనలాగా ఏకబిగిన ఆరేడు గంటల నిద్ర ఎట్లా కుదురుతుంది? కుదరదు. పడుకోవాలి, లేవాలి, గుటుక్కుమనాలి, మళ్లీ పడుకోవాలి. ఆరు సెకన్ల కునుకు గురించి విని మీరు ఇందాక నవ్వారే, తుంపులు తుంపులుగా నిద్రపోవడం చేపలకు చేతనైన విద్య కాబట్టే కొర్రమీను బతుకుతున్నది. పైగా సంసార బాధ్యత ఒకటి. మన చెరువులో చాలా చేపలు గుడ్లు వదిలి దారిన పోతాయి, కొర్రమీను పోదు. నీటి మీద గడ్డిలో గుడ్లు పెట్టి కాపలా కాస్తుంది, పొదిగాక ఎర్రగా గుంపుగా తిరిగే పిల్లల కింద నీడలాగా తల్లిదండ్రులు తిరుగుతాయి. ఆ ఎర్ర గుంపు కనిపించిందంటే కింద పెద్దది ఉన్నట్టే అని గాలం వాళ్లకు తెలుసు. పిల్లల్ని చూసుకునే రోజుల్లో నిద్ర మానుకునే చేపలు లోకంలో ఉన్నాయి. మధ్య అమెరికాలో ఒక జాతి చేపలు రాత్రంతా గుడ్లకు రెక్కతో నీళ్లు విసురుతూ గడిపేస్తాయి. చంటిపిల్లల తల్లులకు ఇందులో వింతేమీ కనబడకపోవచ్చు.

తెల్లవారుజామున చెరువు కట్ట మీద నడిచేవాళ్లు ఒక దృశ్యం చూసి చేపలు నిద్ర లేచి ఆవులిస్తున్నాయనుకుంటారు. రవ్వలు, బొచ్చెలు వరుసగా పైకొచ్చి నోరు తెరిచి మూస్తుంటాయి. అది ఆవులింత కాదండీ, ఆపద. పగలు నీటిలో నాచు ఎండ తాగి ఆక్సిజన్ వదులుతుంది. రాత్రి ఎండ లేదు, నాచుతో సహా అందరూ దాన్ని వాడుకునేవాళ్లే. తెల్లవారే ముందు ఆక్సిజన్ అన్నిటికంటే తక్కువకు పడిపోతుంది. మబ్బు పట్టిన రోజులు వరుసగా వచ్చినా, నీళ్లలో మురికి ఎక్కువైనా ఇంకా కష్టం. మూసీ పరిసరాల్లో బతికే మనకు మురికి నీళ్ల సంగతి విడమరిచి చెప్పాలా? కొల్లేరు దిక్కు చేపల రైతులు "చేపలు పైకొచ్చినయ్" అన్న మాట వింటే పడక మీద నుంచి ఉరికొస్తారు, రాత్రి ఏరేటర్లు తిప్పేది అందుకే. అక్కడ చేప నిద్ర పోవాలంటే రైతు నిద్ర పోగొట్టుకోవాలి.

సముద్రం మనకు దూరం కాబట్టి అక్కడి కబుర్లు తొందరగా ముగిస్తాను. చిలుక చేప అనేది రాత్రి పడుకునే ముందు నోటి నుంచి జిగురు వదిలి చుట్టూ తెర కట్టుకుంటుంది. రక్తం పీల్చే చిన్న పురుగులు రాకుండా అది కాపాడుతుందని ఆస్ట్రేలియా వాళ్లు 2011లో తేల్చి, దోమతెర అని పోల్చారు కూడా. సొరచేప ఆగితే చస్తుందని మనం సినిమాల్లో విన్నది అన్ని సొరలకూ వర్తించదు. అడుగున హాయిగా పడుకుని మొప్పల్లోకి నీళ్లు పంపు చేసుకునే జాతులున్నాయి, వాటిలో ఒకదానికి నిద్రలో ఆక్సిజన్ వాడకం తగ్గుతుందని 2022లో చూపించారు. మెక్సికో గుహల్లో గుడ్డి చేపలున్నాయి, బయట వాగులో ఉన్న తమ దాయాదుల కంటే అవి చాలా తక్కువ నిద్రపోతాయి. మేత కరువైన చీకట్లో పడుకుంటే దొరికిన నలుసు కూడా పోతుందని కాబోలు.

ఇందాక మనసులో పెట్టుకోమన్న మాట ఉందే, లైటు సంగతి. ఈ మధ్య మన దిక్కున కూడా ప్రతి హోటల్లో, ఫంక్షన్ హాల్లో, చీరల షాపులో గాజు తొట్టి పెడుతున్నారు. నీలం లైటు, ప్లాస్టిక్ చెట్టు, బుడగలు ఊదే బొమ్మ. షాపు మూసినా ఆ లైటు మూయరు. చేప కన్నుకు రెప్ప లేదని ఇంతసేపు చెప్పుకున్నాం కదా, వెలుతురును ఆపుకునే దారి దానికి లేదు, మీరు స్విచ్ నొక్కితే తప్ప. మీ ఇంట్లో తొట్టి ఉంటే రాత్రి లైటు తీసి రెండు గంటలాగి, సెల్‌ఫోను వెలుతురు పక్కకు తిప్పి మెల్లగా చూడండి. గోల్డు ఫిష్ అడుగు దగ్గర గాలిలో వేలాడేసినట్టు నిలిచి ఉంటుంది, ఒంటి రంగు కొంచెం వెలిసినట్టుంటుంది, రెక్క మాత్రం బోల్తా పడకుండా ఉండేంత మేరకే ఆడుతుంది. గాజును మాత్రం గోటితో కొట్టకండి.

మన బజార్లో ఒక షాపాయనకు ఇదంతా చెప్పాను, మీకు చెప్పినంత ఓపికగానే. మొత్తం విని, "మంచిదే గని అన్నా, లైటు బంద్ చేస్తే గిరాకీకి చేపలెట్ల కనవడ్తయ్?" అన్నాడు.

"గిరాకీ ఇంటికి పోయినంక బంద్ చెయ్యి తమ్మీ" అన్నాను.

"గప్పుడు సీసీ కెమెరాకు వెలుతురు గావాలె గదనే" అన్నాడు.